వగరు పండే కాలం

మొదటి గుక్కలోనే మనసు దోచుకునే వైన్లు లోకంలో చాలా ఉన్నాయి. అల్యానికో ద్రాక్షతో చేసిన వైన్‌కు ఆ తొందర లేదు. దక్షిణ ఇటలీ కొండల్లో పండే ఈ నల్లద్రాక్ష వైన్‌ను లేతగా ఉన్నప్పుడు తాగితే నోరు ఒక్కసారిగా పట్టేస్తుంది. చిగుళ్ళ మీద, బుగ్గల లోపలి వైపున, నాలుక అంచుల్లో తడి ఆరిపోతుంది. ఆ వెనకే గట్టి పులుపు తగులుతుంది. లోపలెక్కడో పండు ఉందని తెలుస్తూనే ఉంటుంది గానీ అది బయటికి రాదు. కొత్తగా రుచి చూసినవాళ్ళు చాలామంది గ్లాసు అక్కడే పెట్టేస్తారు. వాళ్ళను తప్పుపట్టలేం.

అదే వైన్‌ను పదిహేను, ఇరవై ఏళ్ళు చల్లటి చీకట్లో కదపకుండా ఉంచి తీసి తాగి చూడండి. నోరు పట్టేసిన ఆ గుణం ఎక్కడికీ పోయి ఉండదు. అప్పుడు పండును మూసిపెట్టిందల్లా ఇప్పుడు పండును మోస్తూ ఉంటుంది. వైన్‌లో నాకు కనిపించిన అందాలన్నిటిలోకీ ఈ మార్పు పెద్దది. మొదట్లో మనల్ని దూరం పెట్టిన గుణమే ఏళ్ళ తరబడి ఆ వైన్‌ను కాపాడుతుంది. అయితే వగరున్న ప్రతిదీ పండదు. పండడానికి దానికి తోడుగా కొన్ని ఉండాలి, ఆగగలిగే మనుషులూ ఉండాలి. నేను నమ్మి చెబుతున్న ఈ మాటకు సాక్ష్యం తౌరాసి అనే ఊరి పేరు పెట్టుకున్న ఎర్ర వైన్.

తౌరాసి చిన్న ఊరు. నేపుల్స్ నుంచి తూర్పుగా, సముద్రానికి వీపు తిప్పి లోపలికి వెళితే అవెల్లీనో జిల్లా వస్తుంది. ఆ ప్రాంతాన్ని పాతకాలం నుంచీ ఇర్పీనియా అంటారు. దక్షిణ ఇటలీ అనగానే మనకు ఎండ, నీలి సముద్రం, నిమ్మతోటలు కళ్ళముందు కదులుతాయి. ఇర్పీనియా అలాంటిది కాదు. అపెన్నీన్ కొండల మధ్య ఉన్న చలిసీమ అది. వానలు ఎక్కువ. చలికాలంలో మంచు కురుస్తుంది. వాలుల మీద చెస్ట్‌నట్ అడవులు, కింద హేజల్‌నట్ తోటలు. కలోరె నది లోయ చుట్టుపక్కల 17 ఊళ్ళ పరిధిలో పండిన ద్రాక్షకే తౌరాసి అనే పేరు పెట్టుకునే హక్కు ఉంది. మంచి తోటలు చాలావరకు 400 నుంచి 700 మీటర్ల ఎత్తున ఉంటాయి.

అక్కడి నేలలో బంకమన్ను, సున్నపురాయి ఉన్నాయి. వాటి మీద పలుచోట్ల అగ్నిపర్వతం విసిరిన బూడిద, నురుగురాయి పరుచుకుని ఉన్నాయి. వెసూవియస్ అంటే అందరికీ క్రీ.శ. 79లో పాంపేయిని కప్పేసిన పేలుడే గుర్తొస్తుంది. అంతకు సుమారు రెండువేల ఏళ్ళ ముందు కూడా ఆ కొండ భయంకరంగా పేలింది. అప్పుడు ఎగిరిన నురుగురాయి తూర్పు దిక్కుగా వచ్చి అవెల్లీనో వైపు కురిసింది. అందుకే శాస్త్రజ్ఞులు దాన్ని అవెల్లీనో విస్ఫోటనం అంటారు. ఆనాటి పల్లెలను పూడ్చేసిన బూడిదలోనే తర్వాతి కాలంలో ద్రాక్షతీగలు వేళ్ళూనుకున్నాయి. ఆ సీమలో నాశనమూ సారమూ ఒకే కొండ మీంచి వచ్చాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహి తిని పెరిగినవాళ్ళకు ద్రాక్ష అంటే పెద్ద పండు, నిండా కండ, నోరూరించే నీరు. అల్యానికో పండు చిన్నది. తొక్క మందం, లోపల గింజలు. తినడానికి సుఖమైన పండు కాదది. వైన్‌కు కావలసిన సరుకంతా ఆ తొక్కలోనూ గింజలోనూ దాగి ఉంది. దాన్ని పండించడమే కష్టం. ఇటలీలో చాలాచోట్ల సెప్టెంబరులోనో, అక్టోబరు తొలివారాల్లోనో కోతలు అయిపోతాయి. ఇర్పీనియాలో అల్యానికో కోత అక్టోబరు చివర మొదలై నవంబరులోకి సాగుతుంది. మోంతెమరానో, కాస్తెల్‌ఫ్రాంచి లాంటి ఎత్తైన ఊళ్ళలో ఇంకా ఆలస్యం. తీగలు ఆకులు రాల్చే వేళకు, చలి ముదిరి వాన ముంచుకొచ్చే వేళకు, రైతు తోటలో నిలబడి ఇంకో వారం ఆగాలా వద్దా అని తేల్చుకోవాలి.

ఆ వారం విలువ గ్లాసులో తెలుస్తుంది. కొండల మీది రాత్రిచలి పండులోని పులుపును పోనివ్వదు. పగటి ఎండ తొక్కనూ గింజనూ నెమ్మదిగా పండిస్తుంది. తొందరపడి కోస్తే గింజలోని వగరు పచ్చిగానే మిగిలిపోతుంది. పచ్చి వగరును ఎన్నేళ్ళు సీసాలో దాచినా అది మెత్తబడదు. ఓపిక పట్టడం నేలమాళిగలో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది తీగ మీదే మొదలవుతుంది. అక్కడ ఆగనివాడికి తర్వాత ఆగి ప్రయోజనం లేదు.

వగరును మనం చిన్నచూపు చూడం. ఆరు రుచుల్లో దానికీ ఒక పీట వేశాం. ఉగాది పచ్చడిలో పచ్చిమామిడి ముక్క పంటికింద పడినప్పుడు పులుపుతో పాటు నాలుకను కాస్త బిగించే ఆ రుచిని, కొత్త ఏడాదికి కావలసిన వాటిలో ఒకటిగా లెక్కపెట్టుకున్నాం. అలాంటి నాలుకతో అల్యానికో దగ్గరికి వెళ్ళడం నాకు మేలే చేసింది. వగరు లోపమనీ, దాన్ని తీసేయాలనీ అనుకునే అలవాటు మన వంటింట్లో లేదు. మిగతా ఐదు రుచుల మధ్య అది తన చోట తను ఉండాలి, అంతే. ఈ వైన్ దగ్గర అడగాల్సిన ప్రశ్నా అదే. వగరు ఎంత ఉందన్నది కాదు, దాని సరసన ఏమేం ఉన్నాయన్నది.

ఆ వగరుకు మూలం టానిన్లనే పదార్థాలు. ద్రాక్షరసం పులుస్తున్నన్నాళ్ళూ తొక్కలతో, గింజలతో కలిసి ఉంటుంది. ఆ రోజుల్లోనే రంగూ వగరూ రసంలోకి దిగుతాయి. మనం గుక్క పట్టినప్పుడు ఈ టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. నోటికి ఉండే జారుడుతనం పోయి, నాలుక చెక్కిలికి రాసుకున్నట్టు తెలుస్తుంది. అల్యానికోలో టానిన్లు పుష్కలం, పులుపూ ఎక్కువే. ఇటలీలోని ఎర్రద్రాక్షల్లో ఈ రెండూ ఇంత గట్టిగా కలిసినవి కొన్నే ఉన్నాయి.

సీసాలోకి వెళ్ళాక ఆ పదార్థాలు ఊరికే ఉండవు. కొత్త వైన్‌కు ఊదా ఛాయ తెచ్చే ఆంథోసయనిన్లు కొన్నేళ్ళకు విడిగా మిగలవు. టానిన్లతో కలిసి, త్వరగా వెలిసిపోని కొత్త రంగుగా మారతాయి. టానిన్ల గొలుసులు ఒకచోట తెగుతాయి, మరోచోట అతుక్కుంటాయి. కొన్ని బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. బిరడాను దాటి ఏళ్ళ తరబడి లోపలికి ఇంకే అతి కొద్ది ఆక్సిజన్ ఈ పనికి సాయం చేస్తుంది. అదే ఆక్సిజన్ ఎక్కువైతే వైన్‌ను చంపేస్తుంది. ఆ దెబ్బను ముందుగా తమ మీద వేసుకునేవి టానిన్లే. నోటిని ఇబ్బంది పెట్టిన పదార్థమే చీకట్లో కూర్చుని కాపలా కాస్తుందన్నమాట. పులుపు పెద్దగా తరగదు. అది వైన్‌ను తాజాగా ఉంచుతుంది. తాజాపండ్ల వాసనలు మాత్రం ఏడాదికేడాది సన్నగిల్లి, వాటి చోట వేరే వాసనలు పుడతాయి.

ఇవన్నీ చదివి తెలుసుకున్న సంగతులు. లేత తౌరాసినీ ఇరవై ఏళ్ళు దాటిన తౌరాసినీ పక్కపక్కన పెట్టుకున్న ఒక సాయంత్రం అవి నా నోటికి తెలిశాయి. ఈ వైన్‌ను అర్థం చేసుకోవాలనుకునే ఎవరికైనా ఇంతకు మించిన దారి లేదంటాను. ఒక్క గ్లాసు ముందు కూర్చుంటే అది బాగుందో లేదో చెప్పగలం. రెండు వయసులు ఎదురెదురుగా ఉంటే దేనివల్ల ఏది వచ్చిందో చెప్పగలం.

పాత సీసాను ముందురోజే నిలబెట్టి ఉంచాలి. అప్పుడే మడ్డి అంతా అడుక్కి చేరుతుంది. బిరడా మెత్తబడి ఉంటుంది కాబట్టి దాన్ని తొందరపెట్టకూడదు. వెడల్పాటి గాజు కూజాలోకి ఒంపేటప్పుడు సీసా మెడ వెనక చిన్న దీపం ఉంటే, మడ్డి మెడదాకా రాగానే ఆపేయవచ్చు. లేతదాన్ని మాత్రం కొన్ని గంటల ముందే ఒంపి గాలి తగలనివ్వాలి. పాతదానికి అంతసేపు గాలి వద్దు. ఇన్నేళ్ళు దాచుకున్న వాసనను అది అరగంటలో ఖర్చు పెట్టేయవచ్చు. వేడి 16 నుంచి 18 డిగ్రీలు ఉంటే చాలు. గది వేడిలో తాగాలనే మాట చలిదేశాల గదులను చూసి పుట్టింది. మన వేసవి గదిలో పెడితే మద్యం ఘాటు తప్ప ఏదీ పైకి రాదు. ఇంట్లో ఏళ్ళ తరబడి దాచాలన్నా అదే చిక్కు. మన ఎండలకు కనీసం చల్లటి అలమర లేనిదే ఈ పని పెట్టుకోకూడదు.

గ్లాసును తెల్లగుడ్డ మీద వాల్చి చూస్తే లేతదాని మధ్యభాగం సిరాలాగా నల్లగా, అంచు ఊదాగా ఉంది. పాతదాని మధ్యలో దానిమ్మ రంగు, అంచుకు వచ్చేసరికి ఇటుక రంగు, ఇంకా అంచున నారింజ ఛాయ. వైన్ వయసు చెప్పేది ఆ అంచే. గ్లాసును తిప్పకముందే ఒకసారి వాసన చూడాలి. తేలికగా ఎగిరిపోయే వాసనలు ముందే పలకరిస్తాయి. తిప్పితే లోపల అణిగి ఉన్నవి లేస్తాయి. లేతదానిలో నల్లచెర్రీ, ఆల్‌బుఖారా, వయొలెట్ పువ్వు, మిరియం, కొద్దిగా పొగ. పాతదానిలో చెర్రీ ఎండిపోయి ఉంది. దాని చుట్టూ తోలు, పొగాకు, రాలి ఎండిన ఆకులు, తొలకరికి తడిసిన మన్ను. కాసేపాగి మళ్ళీ చూస్తే వీటన్నిటి అడుగు నుంచి ఏదో పువ్వు వాసన సన్నగా వచ్చింది. అది ఆ లేత గ్లాసులోని వయొలెట్టే. ఇరవై ఏళ్ళుగా లోపలే ఉంది.

ఆ పొగ వాసన అగ్నిపర్వతపు మన్నులోంచే నేరుగా వస్తుందని చెప్పేవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది. వేరు రాతిని పీల్చి గ్లాసులోకి తెచ్చి పోయదు. నేల తన మాట వేరే దారిలో చెబుతుంది. నీటిని ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత జారవిడుస్తుంది, తీగను ఎంత పస్తు పెడుతుంది, పండు ఎంత నెమ్మదిగా పండేలా చేస్తుంది అన్న లెక్కలన్నీ కలిసి రుచిగా తేలతాయి. ఈ నిజం ఆ కథకంటే నాకు ఎక్కువ నచ్చుతుంది. రాయి వాసన గ్లాసులోకి రావడం కన్నా, రాయి పెట్టిన కష్టం గ్లాసులో రుచిగా మారడం గొప్ప సంగతి.

నోట్లో పోసుకున్నాక వెంటనే మింగకూడదు. నాలుక మీద, చిగుళ్ళ మీద ఒకసారి తిప్పి, కొద్దిగా గాలి పీల్చాలి. లేతదానితో నోరు పట్టేసింది. ఒక్క ముక్క కాల్చిన గొర్రెమాంసం తిని మళ్ళీ తాగితే అదే గుక్క కాస్త దారికొచ్చింది. మాంసంలోని ప్రోటీన్, కొవ్వు పని కల్పిస్తే ఆ టానిన్లు మన నోటిని వదిలేస్తాయి. ఇర్పీనియా వంటలో గొర్రెమాంసం, కాచ్యోకవాల్లో జున్ను, అడవిలో దొరికే నల్ల ట్రఫుల్ ఉండడం, ఆ వైన్ వాటి పక్కన ఉండడం యాదృచ్ఛికం కాదు. ఎన్నో తరాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని కుదుర్చుకున్న సంబంధం అది. పాతదానికి మాంసం సాయం అంతగా అక్కర్లేదు. వగరు ఉంది, అయితే సన్నటి పట్టుదారంలా నోటి పొడవునా సాగింది. మింగాక రుచి పోకుండా చాలాసేపు నిలిచింది. పండు వెళ్ళిపోయినా పులుపు ఉంది, పులుపు అణిగాక మన్నువాసన ఉంది, అదీ తగ్గాక నాలుక చివర ఒక చిన్న చేదు. ఆ చేదు నాకు నచ్చింది.

పాతదంతా గొప్పదనే భ్రమ నాకు లేదు. తౌరాసి ఉన్న కంపానియా ప్రాంతపు గడ్డ మీదే ఆ పాఠం రెండువేల ఏళ్ళ కిందటే దొరికింది. రోమన్లు మిన్న వైన్లలో ఒకటిగా ఎంచిన ఫలెర్నం ఈ కంపానియా ఉత్తరాన, మాస్సికో కొండ వాలుల్లో పండేది. క్రీ.పూ. 121లో ఒపీమియస్ కాన్సల్‌గా ఉన్న ఏడాది పంట అద్భుతంగా వచ్చిందని పేరు. ఆనాటి వైన్ దాదాపు రెండువందల ఏళ్ళ తర్వాత కూడా మిగిలి ఉందని పెద్ద ప్లినీ తన ప్రకృతి చరిత్రలో రాశాడు. అప్పటికది తేనెలా చిక్కబడిపోయిందనీ, చేదెక్కి విడిగా తాగడానికి పనికిరాదనీ, వేరే వైన్లకు రుచి కోసం కొద్దిగా కలిపేవారనీ కూడా అతనే చెప్పాడు. ఆ మాటలు రాసిన ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు ఆ తీరంలోనే చనిపోయాడు.

రెండువందల ఏళ్ళు బతకడం వేరు, పండి ఉండడం వేరు. ప్రతి వైన్‌కూ ఒక శిఖరం ఉంటుంది, ఆ తర్వాత దిగుడు ఉంటుంది. తౌరాసిలోనూ అన్నీ నిలవవు. పండులో సారం లేక వగరొక్కటే మిగిలినవి ఉంటాయి. పదేళ్ళు దాచి తెరిస్తే పండు చచ్చిపోయి, కట్టెముక్క నమిలిన రుచి వస్తుంది. వగరు తనంతట తాను ఏమీ కాదు. కాపాడడానికి లోపల ఏదైనా ఉంటేనే కాపలాకు అర్థం. పండు, పులుపు, వగరు మూడూ మొదటి రోజు నుంచీ సమంగా బలంగా ఉన్న వైన్‌కే కాలం మేలు చేస్తుంది. కాలం ఏదీ కొత్తగా ఇవ్వదు. లోపల ఉన్నదాన్ని విప్పి చూపిస్తుంది.

ఇంతవరకు ద్రాక్ష గురించే మాట్లాడాను. మనుషులు ఆగకపోతే ఈ ద్రాక్షే మనదాకా వచ్చేది కాదు. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ ద్రాక్షతోటల వేళ్ళను తినేసింది. ఇర్పీనియాకు అది ఆలస్యంగా వచ్చింది. ఆ లోపు అక్కడి వైన్‌కు ఉత్తరాదిలో గిరాకీ పెరిగింది. 1895లో పూర్తయిన అవెల్లీనో-రొక్కెత్తా రైలుమార్గం ఈ ద్రాక్షసీమ మీదుగానే వెళ్ళింది. తౌరాసి దగ్గర కూడా ఒక స్టేషన్ కట్టారు. తర్వాత పురుగు రానే వచ్చింది. దాని వెనక రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. తోటలు పాడయ్యాయి, మనుషులు వలసపోయారు. మిగిలినవాళ్ళకు బతుకు గడవాలి. ఎకరానికి ఎక్కువ కాయించే, త్వరగా అమ్ముడుపోయే బయటి రకాలు నాటుకోమని సలహాలొచ్చాయి. ఆలస్యంగా పండి, ఆలస్యంగా తాగాల్సిన అల్యానికోను నమ్ముకోవడానికి ఆ రోజుల్లో ఏ లెక్కా ఒప్పుకోదు.

అత్రిపాల్దా ఊళ్ళో ఒక కుటుంబం ఒప్పుకుంది. మాస్ట్రోబెరార్దీనో పేరుతో 1878 నుంచి వైన్ వ్యాపారం చేస్తున్న ఇల్లది. యుద్ధం తర్వాత ఆ ఇంటి బాధ్యత తీసుకున్న ఆంతోనియో మాస్ట్రోబెరార్దీనో, బయటి రకాల వైపు వెళ్ళకుండా అల్యానికోనూ, ఫియానో, గ్రేకో అనే స్థానిక తెల్లద్రాక్షలనూ పట్టుకుని నిలబడ్డాడు. ఆ కుటుంబం 1968లో చేసిన తౌరాసి రిజర్వాను, అంటే మరింత కాలం ఆపి బయటికి పంపే రకాన్ని, వైన్ ప్రియులు ఈనాటికీ తలుచుకుంటారు. దక్షిణ ఇటలీ వైన్ అంటే కలుపుకు పనికొచ్చే చవక సరుకని అందరూ అనుకునే రోజుల్లో, అది దశాబ్దాలు నిలిచి వాళ్ళ మాట తప్పని చూపింది. 1970లో తౌరాసికి ప్రభుత్వపు తొలి గుర్తింపు వచ్చింది. 1993లో ఇటలీ వైన్ చట్టంలోని అత్యున్నత శ్రేణి దక్కింది. ఆ నిబంధనల ప్రకారం సీసాలో కనీసం 85 శాతం అల్యానికో ఉండాలి. కనీసం మూడేళ్ళు ఆగాకే బయటికి పంపాలి, అందులో ఒక ఏడాది పీపాలో ఉండాలి. రిజర్వా అయితే నాలుగేళ్ళు. ఆగడాన్ని చట్టంగా రాసుకున్న సీమ అది.

మధ్యలో 1980 వచ్చింది. నవంబరు 23 సాయంత్రం ఇర్పీనియాలో భూమి కంపించింది. దాదాపు 2,900 మంది చనిపోయారు, లక్షలమంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. అల్యానికో కోతలు ముగిసే కాలమది. కొత్త వైన్ ఇంకా తొట్లలో ఉండే రోజులు. ఆ తర్వాత ఊళ్ళు మళ్ళీ కట్టుకోవాలి, తోటలు మళ్ళీ నిలబెట్టుకోవాలి. మాస్ట్రోబెరార్దీనో కుటుంబం 1986 పంటతో రాదీచి అనే తౌరాసిని మొదలుపెట్టింది. రాదీచి అంటే వేళ్ళు. భూమి కదిలిపోయిన చోట వేళ్ళ పేరు పెట్టి, ఇరవై ఏళ్ళ తర్వాత తాగమని వైన్ చేయడం మామూలు ధైర్యం కాదు. ఆంతోనియో 2014లో కన్నుమూశాడు. ఆయన కాపాడిన ద్రాక్షతో ఇప్పుడు ఎన్నో చిన్న కుటుంబాలు తమ పేరుతో తౌరాసి సీసాలు నింపుతున్నాయి. ఒకప్పుడు వాళ్ళలో చాలామంది ద్రాక్షను వేరేవాళ్ళకు అమ్ముకున్నవాళ్ళే.

తౌరాసిని పొగడాలనుకున్నవాళ్ళు దాన్ని దక్షిణాది బరోలో అంటుంటారు. బరోలో ఉత్తర ఇటలీలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే గొప్ప వైన్. దానికీ వగరూ పులుపూ దండిగా ఉంటాయి, దానికీ కాలం కావాలి. ఆ పోలిక ప్రేమతో అన్నదే అయినా నాకు అది చాలదు. నెబ్బియోలో రంగు పలచన, వాసనలో గులాబీ. అల్యానికో రంగు చీకటి, వాసనలో పొగ. ఒకరి గొప్పతనాన్ని ఇంకొకరి పేరు పెట్టి చెబితే, కొత్తవాళ్ళు ఆ గ్లాసులో లేనిదాన్ని వెతుకుతారు, ఉన్నదాన్ని వదిలేస్తారు. దక్షిణ ఇటలీలోనే బసిలికాతా ప్రాంతంలో వూల్తురె అనే ఆరిపోయిన అగ్నిపర్వతం మీద కూడా ఇదే అల్యానికో పండుతుంది. దాని తీరు ఇంకొంచెం వేరు. ఈ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అల్యానికో గురించి బరోలో చెప్పలేని సంగతులు తెలుస్తాయి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, అది పొగడ్తకంటే పెద్దది. గత శతాబ్దం చివర ప్రపంచమంతటా ఒక ఫ్యాషన్ నడిచింది. ఎర్ర వైన్ నల్లగా, చిక్కగా, మెత్తగా, వెనిల్లా వాసనతో ఉండాలి, కొన్న రోజే తాగేలా ఉండాలి. చాలామంది పెద్ద పాత పీపాలను పక్కనపెట్టి చిన్న కొత్త ఓక్ పీపాలు తెచ్చారు. పండును బాగా ముదరనిచ్చి పులుపు తగ్గించారు. అల్యానికోకు కూడా ఆ వేషం వేశారు. ఆ వైన్లు మొదటి గుక్కలో బాగుండేవి. వాటిలో కొన్నిటిని పదేళ్ళ తర్వాత తాగితే ఓక్ చెక్క ముందుంటుంది, పండు వెనక్కి పోయి ఉంటుంది. వగరును తప్పించుకోవాలని చేసిన పనుల్లో వగరు కాపాడాల్సింది కూడా పోయింది. ఇప్పుడు చాలామంది పెద్ద పీపాల వైపు, తోట తీరును దాచని పద్ధతుల వైపు తిరిగి వస్తున్నారు. నాకది పెద్ద ఊరట.

ఓపిక తక్కువైన కాలంలో ఉన్నామని అనడం సులువు. నిజానికి ఏ కాలంలోనూ ఆగడం ఎవరికీ సులువుగా లేదు. యుద్ధం తర్వాతి ఇర్పీనియా రైతుకు మనకంటే తొందరపడే కారణాలు ఎక్కువ ఉండేవి. అయినా కొందరు ఆగారు. ఆగడమంటే ఏమీ చేయకుండా కూర్చోవడమని మనం పొరబడతాం. తీగను నరకకుండా ఉంచడం, కోత వారం వెనక్కి జరపడం, పీపాను మళ్ళీ మళ్ళీ రుచి చూసి ఇంకా కాదని మూసేయడం, అమ్మితే డబ్బొచ్చే సీసాను నేలమాళిగలో వదిలేయడం, ఇవన్నీ పనులే. ఆ పనుల ఫలితం చేసినవాడికే దక్కుతుందన్న హామీ లేదు. పాత తౌరాసి తాగినప్పుడు నాకు ముందుగా కలిగేది కృతజ్ఞత. ఎవరో నాకు తెలియని మనిషి తన వాటా తాగకుండా ఉంచినందువల్లే అది నా గ్లాసులోకి వచ్చింది.

అందువల్ల ఆస్వాదించడమంటే వాసనల పేర్లు వల్లించడమని నేను అనుకోను. ఆ పేర్లు పనికొస్తాయి, మనసును ఒకచోట నిలుపుతాయి. అసలు పని మాత్రం న్యాయంగా రుచి చూడడం. లేతదాన్ని లేతదిగా, పండినదాన్ని పండినదిగా, అయిపోయినదాన్ని అయిపోయినదిగా గుర్తించడం. నోరు పట్టేసిన గ్లాసును వెంటనే కొట్టిపారేయకుండా, లోపల పండు ఉందా, పులుపు ఉందా అని ఇంకో గుక్క వెతకడం. ఉంటే దానికి కాలం ఇవ్వడం. లేకపోతే ఎంత పేరున్న సీసా అయినా ఒప్పుకోకపోవడం. ఈ తీర్పుకు రెండు గ్లాసులు చాలు. మూడో గ్లాసుకు నాలుక ఎలాగూ సరిగా చూడదు.

ఆసక్తి ఉన్నవాళ్ళకు నేనిచ్చే సలహా ఒకటే. చల్లగా దాచే వసతి ఉంటే, ఒకే ఏడాది పంట, ఒకే చేతి తౌరాసి మూడు సీసాలు కొనండి. ఒకటి ఇప్పుడే తెరవండి, మాంసమో గట్టి జున్నో పక్కన పెట్టుకుని ఆ వగరును పూర్తిగా ఎదుర్కోండి. ఏం తోచిందో ఒక కాగితం మీద రాసి దాచండి. రెండోది పంటకు పదేళ్ళు నిండాక, మూడోది మరో పదేళ్ళకు తెరవండి. మొదటిది తాగనివాళ్ళకు మూడోది మంచి వైన్‌గానే తెలుస్తుంది. మొదటిది తాగినవాళ్ళకు మాత్రం ఆ మంచితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. వగరును మొదట్లోనే వద్దనుకున్నవాళ్ళకు ఆ తెలివిడి రాదు, ఎంత ఖరీదు పెట్టినా.